శుక్రవారం తల్లులు

శుక్రవారం పొద్దువాలే నమాజుకి పిలుపు వినబడగానే యతీంఖానా గేటు బయట గోడవారన కూర్చున్న ఆడవాళ్ళని లేపి పంపెయ్యాలి. గౌసుద్దీన్ కాపలా ఉద్యోగంలో ఇంతకన్నా పాపిష్టి పని ఇంకోటి లేదు. కప్పు మీద పేరుకున్న మంచుని చెక్క పారతో కిందికి తొయ్యడం, బుఖారీ పొయ్యిలకి మల్బరీ మొద్దులు చీల్చడం, ఇవన్నీ నడుముతో అయ్యే పనులు. ఇది నోటితో చెయ్యాలి.

"లేవండమ్మా, లేవండి. వేళయింది."

"ముల్లా పిలిస్తే దేవుడు గుర్తొస్తాడు గౌస్, నువ్వు పిలిస్తే షైతాన్ గుర్తొస్తాడు" అంది బీబీ హావా. ఆమె కొడుకులిద్దరు ఈ యతీంఖానాలోనే ఉంటున్నారు. అక్కడున్న తల్లులందరిలో పెద్దది, నోరు కూడా పెద్దదే.

"ఎవరో ఒకరు గుర్తొచ్చారు కదా. లేవండి."

ఖైర్‌ఖానా కొండవాలు ఇళ్ళ నుంచి, ఊరవతలి డేరాల నుంచి, పొద్దున్నే బయల్దేరి నడిచొస్తారు వాళ్ళు. కొంగులో బొలానీ రొట్టెలో, ఉడికిన దుంపలో, గుప్పెడు వేయించిన శనగలో ఉంటాయి. పిల్లలు తింటుంటే వాళ్ళ తలల్లో పేలు చూస్తారు, చొక్కాల గుండీలు బిగిస్తారు. తండ్రి పోయిన పిల్లని యతీం అనడం ఆ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తల్లి ఉందా అని ఎవడూ అడగడు. ఉంటుంది. ఉండి ఏం చేస్తుంది? వాళ్ళని పెట్టుకోలేకే కదా యతీంఖానాలో వేసింది.

అందరికన్నా ఆఖరున లేచేది జర్మీనా. ఆమె దగ్గరో ఉపాయం ఉంది. నమాజు పిలుపు మొదలవగానే, కూతురు షకీబాకి అప్పటిదాకా అల్లిన జడ మొత్తం విప్పేసి మళ్ళీ మొదటి పాయ దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. సగం జడతో ఉన్న పిల్లని ఎవడు లాక్కుపోతాడు? గౌసుద్దీన్‌కి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. ఆ వేళకి గేటు గడియకి నూనె పెట్టడం మొదలుపెడతాడు. ఆ గడియకి పట్టినంత నూనె కాబూల్‌లో ఇంకే గడియకీ పట్టి ఉండదు.

"ఇంకా అవలేదా?"

"జుట్టు ఒత్తు కాకా. చిక్కు పడుతోంది."

"వారం వారం ఒత్తవుతోందా?"

షకీబా కిసుక్కుమని నవ్వింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ముందు పళ్ళ మధ్య సందు. జర్మీనా జడ చివర ఎర్ర ఊలుదారం కట్టి, దాన్నే ఇంకోసారి కట్టి, లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె ఎప్పుడూ వెనక్కి చూడదు. గౌసుద్దీన్ గేటు మూశాడు.

శనివారం పొద్దున యతీంఖానా పెద్ద అబ్దుల్ వాసే అతన్ని గదిలోకి పిలిచాడు. ఆయన్ని అందరూ ముదీర్ సాబ్ అంటారు. చెడ్డవాడు కాదు. చలికాలం మధ్యలో పాత దాతలు చెయ్యి దులుపుకున్నాక, తన ఇంటి కార్పెట్ అమ్మి పిండి తెచ్చినవాడు. అందుకే ఆయన మాటకి ఎవరూ ఎదురు చెప్పలేరు.

"జర్మనీ నుంచి ఓ సంఘం వాళ్ళు మన పిల్లల్ని ఇక్కడే ఉంచి పోషిస్తామంటున్నారు" అన్నాడు. "తిండి, పొయ్యికి కట్టెలు, బట్టలు, చదువు, పెద్దవాళ్ళయ్యేదాకా. ఒక్కో పిల్ల ఖర్చు అక్కడ ఒక్కో మనిషి పెట్టుకుంటాడు. గురువారం హుమైరా ఖానుం అని ఒకావిడ చూడ్డానికి వస్తోంది. ఇక్కడి మనిషే, చిన్నప్పుడే దేశం దాటిపోయింది."

"మంచిదే కద సాబ్."

"వాళ్ళకో నియమం ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ లేని పిల్లలే కావాలి."

గౌసుద్దీన్ బుఖారీలో ఓ కట్టె వేసి తలుపు మూశాడు. "అలాంటి వాళ్ళు మన దగ్గర వేళ్ళ మీద లెక్క."

"మిగతావాళ్ళకీ ఉండరు."

"అంటే చంపేద్దామంటారు తల్లుల్ని."

"నోరు జాగ్రత్త గౌస్. ఆకలికి తల్లుందా లేదా అన్నది తెలీదు." ముదీర్ కళ్ళద్దాలు తీసి కండువాతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "పిల్లలకి నేర్పుతాను. ఇంకోటి, ఇకమీదట శుక్రవారాలు లేవు. ఆ సంఘం మనుషులు చెప్పకుండా వచ్చి చూస్తారట. గోడవారన తల్లులు కనబడితే అంతా పోతుంది. వీధి మొదట్లోనే ఆపి వెనక్కి పంపెయ్యి. చెప్పనని మొండికేసే పిల్లలుంటే ఇళ్ళకి పంపడం తప్ప దారి లేదు. అందర్నీ పోషించడం నా వల్ల కాదు."

పోషించడం ఆయన వల్ల కాదన్నది నిజమే. ఆ నిజం మీద గౌసుద్దీన్‌కి ఒళ్ళు మండింది. అబద్ధమైతే తిట్టి పోసేవాడు.

మర్నాడు పెద్ద గదిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి నేర్పించారు. గౌసుద్దీన్ పొయ్యిలో బూడిద తీస్తూ విన్నాడు. ఒక్కో పిల్లా ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, "నాకు నాన్న లేడు. అమ్మ లేదు" అని చెప్పి వెనక్కి వెళ్ళాలి. బీబీ హావా కొడుకులు పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశారు. చిన్నవాడైతే "మేక కూడా లేదు" అని ఓ ముక్క సొంతంగా కలిపాడు.

షకీబా వంతు వచ్చింది. "నాకు నాన్న లేడు" అంది. నోరు మూసుకుంది.

"ఇంకా?" అన్నాడు ముదీర్.

"అంతే."

"అమ్మ?"

"అమ్మ ఉంది. మొన్న శుక్రవారం వచ్చింది కూడా. గందనా ఆకు పెట్టిన బొలానీ తెచ్చింది. మీరూ ఒకటి తిన్నారు."

పిల్లలంతా గొల్లుమన్నారు. ముదీర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. మూడుసార్లు నెమ్మదిగా అడిగాడు. మూడుసార్లూ ఆ పిల్ల నేల కేసి చూస్తూ పెదవులు బిగించి నిలబడింది. చివరికి ఆయన గౌసుద్దీన్ వైపు తిరిగాడు.

"వీళ్ళమ్మని పట్టుకురా. తనే చెప్పుకుంటుంది. వినకపోతే పిల్లని చేత్తో పట్టుకుని తీసుకుపొమ్మను."

జర్మీనా మరిది ఇంట్లో ఉంటోంది. భర్త పోయాక మరిదే ఆమెని నిఖా చేసుకున్నాడు, అక్కడి ఆనవాయితీ ప్రకారం. అన్న పెళ్ళాన్ని ఉంచుకున్నాడు గానీ అన్న కూతుర్ని ఉంచుకునే ఉద్దేశం లేదు. ఆ పిల్ల ఇల్లు చేరితే వారంలోనే గజ్నీలో ఎవడికో నిఖాకి మాటిచ్చేస్తానని అందరి ముందూ అన్నవాడు. అందుకే జర్మీనా ఆ పిల్లని తెచ్చి ఈ గేటులోపల పెట్టింది.

గౌసుద్దీన్ కొండెక్కి, గుమ్మంలో నిలబడి, "యతీంఖానాలో దుప్పట్లు ఉతకాలి, మనిషి కావాలి. కూలి ఇస్తారు" అని ఆ మరిదితో చెప్పాడు. కూలి మాట వినగానే అతను లోపలికి కేకేశాడు. జర్మీనా బురఖా వేసుకుని బయటికొచ్చింది. దిగుడుదారిలో మంచు గట్టిపడి జారుతోంది. సగం దూరం వచ్చాక గౌసుద్దీన్ అసలు సంగతి చెప్పాడు. ఆమె ఆగలేదు. బురఖా లోపలి నుంచి మాట మాత్రం వచ్చింది.

"ఒప్పుకుంటే చదువు చెప్పిస్తారా?"

"చెప్పిస్తామనే అంటున్నారు."

"పెద్దయ్యేదాకా యతీంఖానాలోనే ఉంచుకుంటారా?"

"ఆ."

"అయితే నేను చచ్చానని నా బిడ్డ చేత నేనే చెప్పిస్తాను. ఇంత మాత్రానికి నీ మొహం అలా పెట్టావేంటి కాకా? చచ్చేది నేను కదా."

ఉతకాలన్నది అబద్ధం కాకుండా ఉండాలని పెరట్లో రాగి తొట్టి పెట్టించారు. జర్మీనా రెండు రోజులు దుప్పట్లు ఉతికింది. వేడినీళ్ళు కాచి పోయడం గౌసుద్దీన్ పని. సోడాకారానికి ఆమె వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి రక్తం చెమ్మ కనబడుతోంది. బుధవారం మధ్యాహ్నం షకీబాని పిలిచి దుప్పటి రెండో కొస చేతికిచ్చింది. ఇద్దరూ చెరోవైపుకీ మెలితిప్పుతున్నారు. నీళ్ళు ధారగా మంచు మీద పడి ఆవిరి లేస్తోంది.

"రేపు చెప్పు" అంది జర్మీనా.

"చెప్తే నిజమైపోతుంది."

"నోటితో చెప్పు. మనసులో కాదనుకో."

"దేవుడికి ఏది వినబడుతుంది?"

"రెండూ. గట్టిగా తిప్పు."

షకీబా తిప్పింది. దుప్పటి తాడులా బిగిసింది.

"ఇంటికొస్తే మీ బాబాయి ఏం చేస్తాడో తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"నువ్వు చచ్చిపోతే శుక్రవారం ఎవరొస్తారు?"

జర్మీనా దుప్పటి దులిపి తాడు మీద వేసింది. ముడతలు లాగి సరిచేసింది. సరిగ్గా ఉన్నచోట కూడా మళ్ళీ లాగింది. గౌసుద్దీన్ చేతిలో నీళ్ళ బకెట్ ఉంది. పొయ్యాలో వద్దో తెలీక అలాగే పట్టుకు నిలబడ్డాడు.

"ఎవరూ రారు" అంది చివరికి. "అయినా చెప్పు."

గురువారం హుమైరా ఖానుం వచ్చింది. పొడుగు కోటు, తలమీద జారిపోయే పల్చటి గుడ్డ, దాన్ని మాటిమాటికీ సర్దుకోవడం. భాష ఇక్కడిదే గానీ, చాన్నాళ్ళు పెట్టెలో పెట్టి తీసిన చొక్కాలా మడతల్లో పలుకుతోంది. ఎండ కాస్తోందని పిల్లల్ని పెరట్లోనే నిలబెట్టారు. ఓ పక్క తొట్టి దగ్గర జర్మీనా ముక్కు దాకా కొంగు లాక్కుని ఉతుకుతూనే ఉంది. ఉతికే మనిషి ఉతక్కపోతే బాగోదని ముదీరే అన్నాడు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెప్పి వెళ్తున్నారు. హుమైరా ప్రతి పిల్ల ముందూ మోకాళ్ళ మీద కూర్చుని పేరు అడుగుతోంది. షకీబా ముందుకొచ్చింది.

"నీకెవరున్నారు షకీబా జాన్?"

"నాకు నాన్న లేడు" అంది. ఊపిరి పీల్చుకుంది. తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. "అమ్మ... లేదు."

నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది. కట్టెలు చీలుస్తున్న గౌసుద్దీన్ గొడ్డలి పక్కన పెట్టి మొద్దు మీద కూర్చున్నాడు. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాడు. సంతోషం మాత్రం ఏ మూలా దొరకలేదు.

కానీ హుమైరా లేవలేదు. ఆ పిల్ల జడ చేతిలోకి తీసుకుంది. "అబ్బ, ఎంత జుట్టు! ఎంత ఒత్తు! ఆ కళ్ళు చూడండి ముదీర్ సాబ్, ఇంత అందమైన పిల్లని నేనింతవరకూ చూళ్ళేదు" అంది.

దేవుడి పేరు తలచకుండా అంది. ఆ ఊళ్ళో పిల్లని పొగిడేవాళ్ళు ముందు "నామే ఖుదా" అంటారు, దిష్టి తగలకుండా. ఆవిడ పరాయి దేశంలో పెరిగింది, మర్చిపోయింది. పెరట్లో ఉన్న పెద్దవాళ్ళందరి ప్రాణం ఒక్క క్షణం చివుక్కుమంది. వాళ్ళంతా ఊరుకున్నారు. జర్మీనా ఊరుకోలేకపోయింది.

అప్పుడే బిడ్డ నోటితో తన చావు విని ఉంది. ఆ పైన బిడ్డకి దిష్టి. తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది. ఇనప గరిటెలో నిప్పులు వేసుకుని, వంటవాడి డబ్బాలోంచి గుప్పెడు దిష్టి తీసే ఇస్పంద్ గింజలు వాటి మీద చల్లింది. గింజలు చిటపటా పేలాయి. ఘాటు పొగ లేచింది. ఆ గరిటె పట్టుకుని నేరుగా పెరట్లోకొచ్చి షకీబా తల చుట్టూ తిప్పింది. అయినవాళ్ళ కన్ను, కానివాళ్ళ కన్ను, చూసిన కన్ను, చూడని కన్ను, అంతా మాడిపోవాలని గొణుగుతోంది. షకీబా కళ్ళు మూసుకుని, అలవాటైనట్టు, పొగలోకి తల వంచింది.

ముదీర్ కళ్ళద్దాలు తీసి కండువాతో తుడవడం మొదలుపెట్టాడు.

అంతలో బీబీ హావా చిన్నకొడుకు అరిచాడు. "ఖాలా, నాకూ!" ఇంకో పిల్ల, "నాకూ!" అంది. జర్మీనా అప్పుడు తెలివిలోకొచ్చినట్టు చుట్టూ చూసింది. కానీ ఆగలేదు. వరసలో మొదటి పిల్ల దగ్గర్నుంచి చివరి పిల్ల దాకా ఒక్కొక్కరికీ తిప్పుకుంటూ పోయింది. పిల్లలు దగ్గుతూ నవ్వుతున్నారు.

"ఈ ఉతికే ఆవిడకి పిల్లలంటే ప్రాణం ఖానుం" అన్నాడు ముదీర్.

"కనబడుతోంది" అంది హుమైరా.

వెళ్ళేటప్పుడు ఆవిడ గేటు దగ్గర ఆగింది. ముదీర్ ఏవో కాగితాలకోసం గదిలోకి వెళ్ళాడు.

"ఆ ఉతికే ఆవిడ ఎవరు కాకా?"

చెప్పాల్సిన మాట గౌసుద్దీన్ నోట్లో తయారుగా ఉంది. ఈ గేటు దగ్గర అప్పులవాళ్ళకీ, పోలీసులకీ, పిల్లల బాబాయిలకీ చెప్పిన అబద్ధాల ముందు ఇదెంత? పెరట్లో జర్మీనా ఇంకో దుప్పటి తాడు మీద వేస్తోంది. ముందు వేసినవి అప్పుడే గడ్డకట్టి రేకుల్లా బిగుసుకున్నాయి.

"రేపు మధ్యాహ్నం రండి, చెప్తాను" అన్నాడు.

"ఇప్పుడు చెప్పకూడదా?"

"ఇప్పుడు చెప్తే ఒక్కరి గురించే చెప్పినట్టవుతుంది. రండి. కారు వీధి చివర వదిలేసి నడిచి రండి."

ఆవిడ అతన్ని కాసేపు చూసి, తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది. గౌసుద్దీన్ వెనక్కి తిరిగేసరికి జర్మీనా ఎదురుగా ఉంది. అంతా విన్నట్టుంది. కొంగు జారినా పట్టించుకోలేదు.

"నా బిడ్డని ఏం చేశావు కాకా?"

"రేపు రా. ఎప్పట్లాగే రా. అందరికీ చెప్పు, ఎప్పట్లాగే రమ్మను."

"నేను చచ్చినదాన్ని. దాని చేత చెప్పించాను. అది ఎంత కష్టపడి చెప్పిందో విన్నావా నువ్వు? ఇప్పుడు నీకు నీతులు గుర్తొచ్చాయా?"

"చచ్చినవాళ్ళు ఇస్పంద్ వెయ్యరు జర్మీనా. ఆవిడ చూసింది. నేను తల్లి లేదన్నా ఆవిడ ఉన్నదనే అనుకుంటుంది."

"నా పిల్లగనక ఇంటికొచ్చిందంటే, నీ గేటుకే వచ్చి నిలబడతాను. చూస్తూ ఉండు."

"నిలబడు. తెరుస్తాను."

శుక్రవారం అతను వీధి మొదట్లోకి వెళ్ళలేదు. గేటు ముందు మంచు పారతో తీసి, గోడవారన పాత గోనెలు పరిచాడు. ముదీర్ కిటికీలోంచి చూసి కిందికొచ్చాడు.

"నేనేం చెప్పాను నీకు?"

"చెప్పారు సాబ్."

"మరి ఈ గోనెలేంటి?"

"నేల తడిగా ఉంది."

ముదీర్ ఓ గోనె అంచుని చెప్పుతో తోశాడు. "నౌరోజ్ పండగ దాటాక వేరే గేటు చూసుకో గౌస్" అన్నాడు.

"అలాగే. అప్పటిదాకా ఈ గేటు నాదే కదా."

తల్లులొచ్చారు. జర్మీనా కూడా వచ్చింది, గౌసుద్దీన్‌తో మాట్లాడకుండా కూర్చుని కూతుర్ని ముందుకి లాక్కుని జడ విప్పింది. సంగతి తెలిసిన బీబీ హావా మాత్రం నుంచునే ఉంది.

"మమ్మల్ని బతికించావనుకుంటున్నావా ముసలాడా? మా పిల్లల కంచాలు లాగేశావు. నా వాళ్ళకి రేపట్నుంచి నీ నీతి పెడతావా తినడానికి?"

గౌసుద్దీన్ రాత్రంతా ఆ మాటే తనని తాను అడుగుకున్నాడు. ముసలాడా అన్నందుకు మాత్రం కోపమొచ్చింది.

హుమైరా నడిచే వచ్చింది. గోడవారన వరసగా కూర్చున్న ఆడవాళ్ళని, వాళ్ళ ఒళ్ళో తలలు పెట్టిన పిల్లల్ని చూసింది. నిన్న తన ముందు చేతులు కట్టుకుని "అమ్మ లేదు" అన్న మొహాలే అన్నీ. బీబీ హావా చిన్నకొడుకు తల్లి వెనక దాక్కున్నాడు.

"వీళ్ళు" అన్నాడు గౌసుద్దీన్. అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

ఆవిడ వెళ్ళి జర్మీనా పక్కన గోనె మీద కూర్చుంది. జర్మీనా చేతులు జడలోనే ఆగిపోయాయి.

"నిన్న నువ్వు అందరికీ ఇస్పంద్ తిప్పావు" అంది హుమైరా. "మా అమ్మా అంతే, వీధిలో పిల్లలందరికీ తిప్పేది. కానీ మొదలుపెట్టేది మాత్రం నా దగ్గరే."

"ఖానుం, తప్పు నాది. పిల్ల చెప్పనంది. నేనే చెప్పించాను. దాన్ని ఇంటికి మాత్రం పంపకండి, అక్కడ..." అంది జర్మీనా. అక్కడ ఎవరున్నారో, ఏం చేస్తాడో, గజ్నీ మాటతో సహా అంతా చెప్పింది. ఏడవకుండా చెప్పింది.

హుమైరా గోనె పోగులు పీకుతూ విన్నది. "ఆ నియమం పెట్టినవాళ్ళు ఈ గోడ చూడలేదు" అంది. "షకీబాని నేనే చూసుకుంటాను. సంఘం ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే. మిగతా పిల్లలకోసం వాళ్ళతో దెబ్బలాడతాను. గెలుస్తానని మాటివ్వలేను. కానీ తల్లి లేదని మాత్రం నేను చెప్పను. ఉన్నట్టే చెప్తాను. ఫొటో కూడా తల్లితోనే పంపిస్తాను."

ఫొటో అనగానే కొంగులన్నీ ఒక్కసారి మొహాల మీదికి దిగాయి. జర్మీనా తల అడ్డంగా ఊపింది. తన మొహం ఏ దేశంలో ఏ మగవాడి చేతిలో పడుతుందో, ఆ వార్త కొండమీదికి ఏ దారిన చేరుతుందో ఎవరికి తెలుసు? ఒక్క క్షణం ఆలోచించింది. బురఖా దించుకుని, పగిలిన కణుపుల చెయ్యి ఒక్కటే బయట పెట్టి, షకీబా తలమీద ఆన్చింది.

"ఇది చాలదా?"

హుమైరా ఫోన్ పైకెత్తింది. షకీబా పళ్ళ సందు కనబడేలా నవ్వింది.

తర్వాత బీబీ హావా విసురుగా వచ్చి కూర్చుంది. కొడుకులిద్దర్నీ మెడలు పట్టి ముందుకి లాగి చెరో తలమీదా చెరో చెయ్యి పెట్టింది. "తియ్యమ్మా" అంది. "నా చేతులు పెద్దవి, రెండూ పడేలా తియ్యి. ఒప్పుకోనివాడెవడో వీటిని చూసి చెప్పమను." గౌసుద్దీన్ వైపు చూసి, "నీ సంగతి తర్వాత చెప్తా" అంది.

ఒకరి వెనక ఒకరు వచ్చారు. గోరింటాకు వెలిసిన చేతులు, వంకర తిరిగిన వేళ్ళు, కార్పెట్ నేత కత్తికి తెగిన మచ్చలు. లోపల కిటికీ దగ్గర ముదీర్ నిలబడి చూస్తున్నాడు. ఆయన కిటికీ వేసుకోలేదు. కిందికీ రాలేదు.

పొద్దువాలే నమాజుకి పిలుపు వినబడింది. గౌసుద్దీన్ అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూశాడు. నూనె సీసా తీసుకుని గడియ దగ్గరికి వెళ్ళాడు. ఓరగా జర్మీనా చేతుల కేసి చూశాడు. జడ పూర్తయింది. ఆమె వేళ్ళు జడ చివర కాసేపు ఆగాయి.

విప్పలేదు. ఎర్ర ఊలుదారం చుట్టి, ఒక్కటే ముడి వేసి, తనంతట తానే లేచింది.

"వచ్చే శుక్రవారం గోనెలు ఆరబెట్టి వెయ్యి కాకా" అంది. "తడి దిగుతోంది."

వీధి మలుపు దగ్గర ఆగి, మొదటిసారిగా వెనక్కి తిరిగి చూసింది.